లారీ నడిపేవారికీ ఇల్లుంది



మన పనికి షిఫ్టు ఉంది. రాత్రిపాళీ చేసినా, పిల్లలు బడికి పోయేలోగా ఇల్లు చేరతాం. మనం నేసిన దుప్పట్లను, తువ్వాళ్లను షోలాపూరు నుంచి ఊరూరికీ చేర్చే లారీ డ్రైవరుకు షిఫ్టు లేదు. వారాల తరబడి ఇంటి ముఖం చూడనివాళ్లున్నారు. కన్నతండ్రిని చూసి కొత్తమనిషి అనుకుని ఏడ్చే పసిబిడ్డలున్నారు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసింది. కానీ టెర్మినల్‌లో ఊరికే కాచుకున్న సమయంలో 15 నిమిషాల లోపుదాన్నే పని గంటల్లో పేర్కొంది. అయిదుగురు కూడా పనివాళ్లు లేని చిన్న యజమానులకు ఆ చట్టం మామూలుగా వర్తించలేదు. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలో వచ్చింది. 8 గంటల మాట అందులోనూ ఉంది. మాట కాగితం మీద ఉంటే చాలదు.

గేటు దగ్గర బేళ్ల కోసం పూటంతా పడిగాపులు కాసిన డ్రైవరు, ఆ పూటను తన నిద్రలోంచో, పెళ్లాంబిడ్డలతో గడపాల్సిన రోజులోంచో పూడ్చుకోవాలి. ఇక్కడ మనం చేయగలిగింది ఉంది. లారీ వచ్చిన వేళ, లోడు ఎత్తిన వేళ గేటు పుస్తకంలో రాయాలని, ఆలస్యమైతే హాల్టింగు డబ్బు డ్రైవరు చేతికే అందాలని మేనేజిమెంటును అడుగుదాం. మన కోర్కెల పత్రంలో దీన్నీ చేర్చుదాం.

మన 8 గంటలు కూడా అడిగి, పోరాడి తెచ్చుకున్నవే.