హాట్‌రాడ్‌కు చిన్న ఇంజన్

1930ల నాటి ఫోర్డ్ కారును విప్పి, బలమైన ఇంజన్ బిగించి పరుగెత్తించే హాట్‌రాడ్ సరదా అమెరికాలో ఉంది. అలవాటుగా వేసేది షెవ్రొలే 350 వీ8, అంటే 5.7 లీటర్లది. కార్బ్యురేటర్‌తో నడిపితే పెట్రోలు బాగా తాగుతుంది.

అంత ఇంజన్ కావాలా? 1932లో ఫోర్డ్ తన వీ8కి ఇచ్చింది 65 హార్స్‌పవర్. బండి కూడా తేలికైనదే. 1990ల చివరి కమారోలో వచ్చిన 3.8 లీటర్ల వీ6 దాదాపు 200 ఇస్తుంది. 2015 మస్టాంగ్‌లోని 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో అయితే 310. నన్నడిగితే వీ6 మేలు. టర్బోతో వచ్చే ఇంటర్‌కూలర్, దాని లావుపాటి గొట్టాలు ఆ ఇరుకు బానెట్‌లో ఎక్కడ సర్దుతారు?

ఒక జాగ్రత్త. వెనక చక్రాలను నడిపే బండి ఇంజనే తీసుకోండి. ముందు చక్రాలను నడిపేదైతే అడ్డంగా కూర్చుని ఉంటుంది. దానికి తగిన గేర్‌బాక్సు వెతకడం పెద్ద తలనొప్పి. కంప్యూటర్, వైరింగ్ కూడా అదే బండివి తెచ్చుకోవాలి. ఈ ఇంజన్లలో కార్బ్యురేటర్‌కు బదులుండే ఇంజెక్షన్‌కు ఎక్కువ ఒత్తిడినిచ్చే పెట్రోలు పంపు తప్పదు.

ఓవర్‌డ్రైవ్ గేరు లేకపోతే ఈ శ్రమలో సగం వృథా. హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరగాలంటే అదే ఆధారం. నిటారు అద్దానికి, బయటికి పొడుచుకొచ్చిన చక్రాలకు తగిలే గాలిని మాత్రం ఏ ఇంజనూ తప్పించలేదు.

వీ8 మోత లేనిది హాట్‌రాడే కాదంటారు కొందరు. కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద తొలితరం కుర్రాళ్లు పందేలు ఆడింది ఫోర్డ్ నాలుగు సిలిండర్ల ఇంజన్లతోనే మరి!