పలకకు చట్టము, పసివానికి చట్టము



నల్లమల యంచుననున్న మన మార్కాపురము, గిద్దలూరు సీమలకు ఱాతిపలక పేరు తెచ్చినది. గనినుండి తీసిన బండను పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చుట్టును కొయ్యచట్టము బిగింతురు. చట్టము లేని పలక చేయి జారినచో పగులును. శాసనమునకును మన భాషలో చట్టమనియే పేరు. పసివారి చుట్టును బిగింపవలసిన ఆ రెండవ చట్టమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా నా దోషమును చెప్పుకొనెదను. నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన తొలినాళ్ళలో మూడవ తరగతి చదువుచుండిన బాలుడొకడు బడి మానెను. విచారింపగా, ఆతని తండ్రి కూతురి పెండ్లికై పలకల యజమానునొద్ద బయానా పుచ్చుకొని, బాకీ తీరువరకు కొడుకును పనికి బంపెనని తెలిసినది. అప్పు తీర్పవలెను గదా యని నేనూరకుంటిని. నెలాఖరున హాజరుపట్టీలో వాని పేరు కొట్టివేసితిని. ఏండ్లు గడచిన పిదప సంతలో నాకు నమస్కరించిన యువకుడాతడే. పలకలను నూర్లకొలది తప్పులేక లెక్కించువాడు, నా కన్నులయెదుటనే కాగితముపై వేలిముద్ర వేసెను.

ఆ తండ్రి నిర్దయుడు కాడు. వానలు లేని యేడు, తలపై అప్పు. కాని పిల్లల పనిని సొమ్ముకు కుదువబెట్టు ఒప్పందము చెల్లదని 1933లోనే శాసనము వెలువడినది. వెట్టికి కట్టిపడవేయు బాకీలను 1976 నాటి చట్టము రద్దు చేసినది. నేను ఈ సంగతి తెలిసికొన యత్నింపనైతిని.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము, 24వ అధికరణమున, పదునాలుగేండ్లలోపు వారిని కార్ఖానాలలో, గనులలో, అపాయకరమైన పనులలో పెట్టరాదన్నది. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినది. 1988లో బాలకార్మికులకై కేంద్రప్రభుత్వము దేశమున తొలుత చేపట్టిన ప్రణాళికలలో మన మార్కాపురము పలకల పరిశ్రమ యొకటి. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడపుట ఆ ప్రణాళిక పద్ధతి. 2021లో దానిని సమగ్ర శిక్షలో కలిపివేసిరి.

2016 సవరణ మరింత కఠినము. పదునాలుగేండ్లు నిండనివారిని ఏ పనిలోను పెట్టుకొనరాదు. పదునెనిమిది నిండువరకు అపాయకరమైన పని కూడదు. పెట్టుకొన్న యజమానునికి ఆరు నెలలనుండి రెండేండ్ల వరకు కారాగారము, లేక 20,000 మొదలు 50,000 రూపాయల జరిమానా, లేక రెండును.

ఇంటివారికి తోడ్పడవచ్చునని యొక వెసులుబాటు కలదు. అది బడి విడిచిన పిమ్మటను, సెలవులలోను మాత్రమే; అదియు అపాయములేని పనికి మాత్రమే. పలక కోయునప్పుడు లేచు ధూళిలో సిలికా యుండును. అది ఊపిరితిత్తులలో పేరుకొని సిలికోసిస్ వ్యాధిని గలిగించును. దానిని మాన్పు మందు నేటికిని లేదు. అట్టి పనికి ఇల్లు, కార్ఖానా యను భేదము చెప్పి తప్పించుకొనరాదు.

బడి విడిచిన పిల్లవాడు మరల రాగూడదను భయము వలదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు మొదలు పదునాలుగేండ్ల బాలుని వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను; టీసీ లేదని త్రోసివేయరాదు. ఆపదలోనున్న బిడ్డకై 1098 అను సంఖ్యకు ఫోను చేసిన చాలును, రుసుము లేదు.

పెద్దలారా! తనిఖీ అధికారి ఎప్పుడో యొకనాడు వచ్చును. మీరు నిత్యము రచ్చబండపై నుందురు. బడివేళ వీధిలో పిల్లవాడు కనబడినను, బడికి పోవువాడు నాలుగు దినములు కనబడకున్నను, ఇంటికి పోయి అడుగుడు. అప్పే కారణమైనచో ఆ తండ్రిని నలుగురిలో నవ్వులపాలు చేయక, యజమానుని పిలిపించి చట్టము చెప్పుడు.

పలక చట్టమునకు నాలుగు బద్దలు. పసివాని చట్టమునకును తల్లిదండ్రులు, ఉపాధ్యాయుడు, యజమానుడు, ఊరిపెద్ద యని నాలుగే. ఒకటి సడలిన తక్కినవి నిలువవు. ఆనాడు సడలిన బద్దను నేను. మీ యూరిలో అది మీరు కాకుందురుగాక.

సెలవు.