పిట్ట నేర్పిన పాఠము

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభలో కుక్కలను గురించి ఉపన్యాసమా అని కొందరు నవ్వవచ్చును. రాజపాళయములో స్థిరపడిన తెలుగువారమైన మాకు ఇది ఇంటి ముచ్చట. మా ఊరి పేరు గల తెల్లని వేటకుక్క బొమ్మతో 2005లో మన దేశపు తపాలా బిళ్ల కూడ వెలువడినది.

మా కుక్క కంటితో చూచి తరుమును. అడవిపందిని ఎదిరించుట దాని పని. పిట్టల వేటకు వేరు జాతులు కావలెను. 19వ శతాబ్దమున జర్మనీలో వేట హక్కు ప్రభువుల చేతినుండి భూమిగల సామాన్యులకు వచ్చినది. పలు రకముల కుక్కలను మేపే స్తోమత వారికి లేదు. పిట్టను పసిగట్టి నిలుచుట, గాయపడినదాని జాడ తీయుట, నీట పడినదానిని తెచ్చుట, ఇన్నియు ఒక్క కుక్కే చేయవలెననుకొన్నారు. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటరు అట్లు వచ్చిన జాతియే.

ఇట్టి కుక్కపిల్లలకు అమెరికాలో ప్రాణమున్న పిట్టతో చదువు చెప్పుదురు. మీట నొక్కితే తెరుచుకొనే పెట్టెలో పావురమునుంచి గడ్డిలో దాచెదరు. పిల్లకు పొడవైన తాడు కట్టి గాలికి ఎదురుగా నడిపింతురు. వాసన తగలగానే అది బిగిసి నిలుచును. ఒక్క అడుగు ముందుకు వేసినదా, మీట నొక్కెదరు, పిట్ట ఎగిరిపోవును. కొన్నిమార్లు ఇట్లయిన పిదప, ఉరికితే దొరకదనీ నిలిచితే ఉంటుందనీ పిల్లయే తెలుసుకొనును. కొట్టనక్కరలేదు, అరవనక్కరలేదు. తుపాకి చప్పుడును సైతము, పిల్ల ధ్యాస పిట్టపై ఉన్నప్పుడు, దూరమునుండి మొదలుపెట్టి మెల్లగా దగ్గరకు తెత్తురు. తొందరపడి చెంతనే పేల్చితే ఆ భయము జన్మంతా వదలకపోవచ్చును.

ఇందులో ముఖ్యమైనది ఒక్కటే: పిట్ట బాగుగ ఎగరగలిగినదై ఉండవలెను.

1960లలో మేము ఇది తెలియక తప్పు చేసినాము. మా నాయనగారు ఒక పాయింటరు పిల్లను తెచ్చినారు. త్వరగా నేర్పవలెనని మేము అన్నదమ్ములము పావురము రెక్కలు కట్టి దాని ముందు వేసినాము. పిల్ల చక్కగా నిలిచినది. పిదప ఒక్క ఉరుకున పట్టి నలిపివేసినది. మేము చప్పట్లు కొట్టినాము! మరునాటినుండి అది నిలుచుట మానినది. వాసన తగిలితే చాలు, ఉరుకుటయే.

నాయనగారు మమ్ము కొట్టలేదు. "కుక్క చెడలేదురా, మీరు చెడగొట్టినారు. ఆ పిట్టను ఎగరనిచ్చి ఉంటే అదే నేర్పి ఉండును" అని మాత్రము అన్నారు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. పిదప 1991 సవరణతో వేట నిషిద్ధమైనది. కౌజులను, పూరేళ్లను పట్టరాదు. పెంపుడు పావురమును హింసించుటయు నేరమే. అది న్యాయము. అయినను రాజపాళయపు పిల్లలను మేము నేటికీ పెంచుచున్నాము. పిట్ట చేసిన పనిని ఇప్పుడు అన్నపు గిన్నెతో చేయుచున్నాము. పిల్ల ఉరికితే గిన్నె పైకి లేచును. నిలిచితే కిందికి దిగును. నాలుగు పూటలకే పిల్లకు తెలిసిపోవును.

మీ ఇండ్లలోనూ చేసి చూడుడు. తొందర మాత్రము వద్దు. ఆ కట్టిన రెక్కలు మాకు నేటికీ కన్నుల ఎదుటనే ఉన్నవి.

సెలవు.