అమ్మ బాకీ



మన నెల్లూరు రొట్టెల పండుగ మీకు తెలిసిందే. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు అదే పేరు రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు.

చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె. మైపాడు నుంచి బస్సెక్కి వెళ్లి మూడూ పుచ్చుకున్నాను, మూడూ ఇచ్చాను.

నా పురిటికి రాత్రిళ్లు మేలుకున్న మా అమ్మ ఇప్పుడు లేదు. నా కూతురి పురిటికి నేను మేలుకున్నప్పుడు తెలిసింది, అమ్మ బాకీ అమ్మకు తీర్చలేమని, బిడ్డకే తీర్చాలని.

గురువుల బాకీ కూడా అంతే. ఈ స్వర్ణోత్సవ వేళ మన చదువు రొట్టెను ఇప్పుడీ బడిలో చదివే పిల్లల చేతుల్లో పెడదాం.

సెలవు.