ఖాతా పుస్తకంలో లేని మనిషి

(యాప్రాల్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అసంఘటిత రంగంలో స్త్రీల శ్రమ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ విషయం మీద పదిహేనేళ్లుగా ఇతరుల ఇళ్లకు వెళ్లి, ప్రశ్నలు అడిగి రాసుకొచ్చాను. ఇవాళ నా సొంత ఖాతా పుస్తకం గురించి చెప్తాను. కాస్త సిగ్గుగానే ఉంది.

యాప్రాల్‌లో ఉంటున్న మనలో కొందరికి శామీర్‌పేట, మేడ్చల్ వైపు ఎంతో కొంత జాగా ఉంది. ఔటర్ రింగురోడ్డు వచ్చాక ఆ ఊళ్లలో ఎన్నో పొలాలు ఫాంహౌసులయ్యాయి. రాజీవ్ రహదారి దిగి లోపలికి వెళితే మా అమ్మ నాకిచ్చిన జాగాలో రెండు గదుల ఇల్లుంది. శని, ఆదివారాల్లో నగరం నుంచి వచ్చే కుటుంబాలకు దాన్ని అద్దెకిస్తున్నాను. ఆ డబ్బుతోనే పక్కన మరో రెండు గదులు కట్టిస్తున్నాను. అంటే రెండు రోజులు హోటలు, అయిదు రోజులు సైటు. రెండింటినీ నడుపుతున్నది నేనేననుకున్నాను, మొన్నమొన్నటిదాకా.

అక్కడ పాలమూరు నుంచి వచ్చిన దంపతులు కాపలా ఉంటారు. నా ఖాతాలో నెలకో పద్దు: వాచ్‌మన్ జీతం. అతని పేరు, అతని సంతకం. ఆమె పేరు ఎక్కడా లేదు.

అతిథులు వెళ్లాక దుప్పట్లు ఉతికేది ఆమె. బాత్రూములు కడిగేది, అడిగితే కోడికూర వండిపెట్టేది ఆమె. ఇక సైటు సంగతి. స్లాబు పోశాక కనీసం వారం రోజులు దాన్ని ఆరనివ్వకూడదు. మడులు కట్టి నీళ్లు నిలపాలి, గోడలకు పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాలి. లేకపోతే పగుళ్లిస్తుంది. మేస్త్రీ స్లాబు పోసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. నీళ్లు పట్టింది ఆమె. సిమెంటుకు, కంకరకు, చివరికి ట్యాంకరు నీళ్లకు కూడా నా దగ్గర లెక్కుంది. ఈ పనికి లేదు.

నర్సాపురంలో లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం తెచ్చింది. వాళ్లల్లిన లేసు విదేశాలకు పోయేది. అయినా వాళ్లను కార్మికులనలేదు, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులన్నారు. ఆ పేరు చాటునే వాళ్ల కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆమె చూపించింది. ఈ పుస్తకాన్ని నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. పాఠం చెప్పి, శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, "రేపు పదిమంది వస్తున్నారు, కాస్త చూసుకో" అనేదాన్ని. ఆ 'కాస్త'లో ఎన్ని గంటలున్నాయో ఎన్నడూ లెక్కపెట్టలేదు.

టైల్సు కోసే మిషను చప్పుడు భరించలేకపోతున్నామని అతిథులంటే శని, ఆదివారాలు పని ఆపించాను. మేస్త్రీకి ఇంకో సైటుంది. తట్టలు మోసే ఇద్దరు ఆడవాళ్లు అక్కడే రేకుల షెడ్డులో ఉంటారు. వాళ్లకు వారానికి రెండు రోజుల కూలి పోయింది. మరొక సంగతి ఇంకా ఘోరం. సైటులో మరుగుదొడ్డి లేదు. వరండాలో జనం ఉంటే చెట్ల చాటుకు కూడా వెళ్లలేరు. అతిథుల బాత్రూములు కడిగే ఆ మనిషే ఒకరోజు మామూలుగా అంది: "శని, ఐతారం నీళ్లు తక్కువ తాగుతమమ్మా. పొద్దుమీకినంక తాగుతం."

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం మరుగుదొడ్డి ఉండాలనే అంది. పదిమంది కార్మికులు లేని చోటికి మాత్రం అది రాలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ చట్టాన్ని తమలో కలుపుకున్నా, పదిమంది అనే గీత అలాగే ఉంది. మా సైటులో ఏనాడూ పదిమంది లేరు.

తాగిన అతిథులు అర్ధరాత్రి ఐసు కావాలని ఆమె గది తలుపు కొట్టేవారన్న సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. భర్త ఊరెళ్లిన రాత్రులు ఆమె కూలీల షెడ్డులోకి వెళ్లి పడుకునేదట. పనిచేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం, పదిమంది కూడా లేని చోట పనిచేసే స్త్రీ జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జీతం లేకుండా పనిచేసేవారిని కూడా ఆ చట్టం ఉద్యోగులుగానే చూస్తుంది. చట్టం చూసిన మనిషిని నేను చూడలేదు.

మొన్న వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి ఆమె పనులన్నీ రాశాను. నేను మర్చిపోయినవి ఆమె చెప్పింది. "ఇద్దరం ఒక్కటే గదమ్మా, వేరే జీతమెందుకు?" అన్నాడు అతను. ఆమె కాసేపు ఊరుకుని, "నాకు బ్యాంకు పుస్తకం ఉన్నది" అంది.

గదుల పని ఆపి ముందు మరుగుదొడ్డి కట్టించాను. పని ఆపించిన రోజులకు కూలి ఇస్తున్నాను, ఆ మేరకు అద్దె పెంచాను. గడిచిన పద్నాలుగు నెలల బాకీ మాత్రం తేలలేదు. నా లెక్క ఒకటి, ఆమె లెక్క ఒకటి. తలుపు కొట్టిన రాత్రులకు ఎంత రాయాలో ఇద్దరికీ తెలియడం లేదు.

వచ్చే సమావేశానికి ఫాంహౌసులున్నవాళ్లు మీ ఖాతా పుస్తకాలు పట్టుకురండి. నాదీ తెస్తాను.