429 కోట్ల 49 లక్షల 67 వేల 297

ముప్పై రెండు రెండ్లను వరసగా గుణించి ఒకటి కలిపితే 4294967297 వస్తుంది. ఈ పదంకెల బేసి సంఖ్యకు పేరొచ్చింది పరిమాణం వల్ల కాదు. ఒక మహా గణితవేత్త అంచనా దీని దగ్గరే తప్పింది.

ఆయన ఫ్రాన్సు దేశపు పియర్ ద ఫెర్మా. టూలూజ్‌లో న్యాయాధికారి, గణితం ఆయనకు వ్యాపకం. రెండు మీది ఘాతాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ పోయి, ప్రతిసారీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ పై ఘాతం 32. అక్కడా, ఆ తరవాతా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఆయనే రాసుకున్నాడు.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఈ సంగతిని ఉత్తరంలో మరో గణితవేత్త ఆయిలర్ ముందు పెట్టాడు. 1732లో ఆయిలర్ జవాబు తేల్చాడు: ఈ సంఖ్య 641ని 6700417తో గుణిస్తే వచ్చేదే. గుడ్డిగా భాగిస్తూ పోతే 65536 లోపున్న 6542 ప్రధాన సంఖ్యలనూ పరీక్షించాల్సి రావచ్చు. అయితే దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64 గుణిజానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయిలర్ తరవాత నిరూపించాడు. ఆ షరతుకు నిలిచేవి వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే ఫలితం!

641 భాగిస్తుందని చూపడానికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. 5ని 128తో గుణిస్తే 640, అంటే 641తో భాగించినప్పుడు శేషం మైనస్ ఒకటి. ఆ లబ్ధాన్ని నాలుగో ఘాతానికి పెంచితే శేషం ఒకటి అవుతుంది. అందులో రెండు విడి భాగాలున్నాయి: 5 నాలుగో ఘాతం, 2 ఇరవై ఎనిమిదో ఘాతం. మొదటిది 625. అది 641కి 16 తక్కువ కనక, దాని స్థానంలో మైనస్ 16 పెట్టవచ్చు. 16 అంటే 2 నాలుగో ఘాతమే. 28కి 4 చేరితే 32. కాబట్టి 2 ముప్పై రెండో ఘాతానికి శేషం మైనస్ ఒకటి. దానికి ఒకటి కలిపితే సున్నా. ఇంత పెద్ద సంఖ్య ఇంత చిన్న వాదానికి లొంగడం అరుదు.

విచిత్రమేమిటంటే, ఫెర్మా పేరు మీదే ఉన్న సిద్ధాంతంతో 3ను ఆధారంగా పరీక్షించినా గుట్టు బయటపడేది. 3ను వరసగా 32 సార్లు వర్గం చేసి, ఈ సంఖ్యతో భాగిస్తే శేషం ఒకటేనా అని చూస్తే చాలు. 2ను ఆధారం చేసుకుంటే మాత్రం ఈ సంఖ్య ప్రధాన సంఖ్యలాగే నటించి తప్పించుకుంటుంది.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రెండు విధాల రాయవచ్చు: 65536, 1ల వర్గాలు కలిపినా ఇదే, 62264, 20449ల వర్గాలు కలిపినా ఇదే. బేసి ప్రధాన సంఖ్యకు అలా రెండు రూపాలు ఉండవు.

ఈ వరసలోని సంఖ్యలను ఫెర్మా సంఖ్యలంటారు. దీనికి ముందున్న అయిదు ఫెర్మా సంఖ్యలనూ కలిపి గుణిస్తే 4294967295, సరిగ్గా రెండు తక్కువ. స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని నేటికి తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికన్నా ఎక్కువ భుజాలున్నదానికి అన్నే భుజాలు. దీనికి మూలం గణితవేత్త గౌస్ కనుగొన్న సూత్రం. 1796లో 17 భుజాల బహుభుజిని గీయవచ్చని తేల్చడంతో ఆయన ఆ దారి తెరిచాడు.

4294967297 తరవాత వరసలో వచ్చే 27 ఫెర్మా సంఖ్యలూ ప్రధానాలు కావని తేలింది. ఆరో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు.