జిహాద్: పదం, పరమార్థం

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ మన బందరుకు వచ్చి స్వరాజ్యాన్ని ప్రబోధించారు. అర్జీలతో తృప్తి చెందని అటువంటి నాయకులకు అతివాదులన్న పేరు పడింది. ఆ పేరు పాలకుల నోట నింద, స్వరాజ్యం కోరిన ప్రజలకు గౌరవం. పదం ఒక్కటే, పలికిన వారిని బట్టి అర్థం మారింది. నేడు జిహాద్ అనే మన ధర్మపదానిదీ అదే అవస్థ. నిందించేవారు దానిని హింసకు మారుపేరు చేశారు. ఆవేశపరులైన మన యువకులు కొందరు ఆ అర్థాన్నే నమ్ముతున్నారు.

జిహాద్‌కు మూలధాతువు జ-హ-ద. శక్తినంతా వెచ్చించి పాటుపడటమని దాని అర్థం. యుద్ధానికి అరబీలో ఖితాల్ అనే వేరే పదముంది. ఖితాల్ కూడా జిహాద్‌లో ఒక భాగమే, దానికి కఠినమైన షరతులున్నాయి. కాని జిహాద్ అంతా ఖితాల్ కాదు. ఫుర్ఖాన్ సూరా 52వ ఆయతు ఖుర్ఆన్ ద్వారానే మహా జిహాద్ చేయమని ఆదేశించింది. అది అవతరించిన మక్కా కాలంలో ముస్లిములకు ఆయుధం పట్టే అనుమతే లేదు. యుద్ధానికి అనుమతి కోరిన ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) తల్లిదండ్రుల సేవకు పంపి, అందులోనే జిహాద్ చేయమన్నారు. దౌర్జన్యపరుడైన పాలకుని ఎదుట సత్యం పలకడం శ్రేష్ఠమైన జిహాద్ అని బోధించారు.

హద్దు మీరడానికి ధర్మంలో ఉన్న పేరు గులువ్. హజ్‌లో జమరాత్‌పై విసిరేందుకు ఇబ్నె అబ్బాస్ (రజి) చిన్న రాళ్లు ఏరి తెచ్చారు. దైవప్రవక్త (స) వాటిని అరచేతిలో ఉంచుకొని, ఇటువంటివే విసరండి, ధర్మంలో గులువ్‌కు దూరంగా ఉండండి, పూర్వీకులను నాశనం చేసింది అదేనని హెచ్చరించారు. ఆరాధనలో విసిరే రాయికే పరిమితి ఉంటే, ఆగ్రహంతో విసిరే రాయి మాటేమిటి?

మన పెడనలో కలంకారీ అద్దేవారికి ఇది తెలిసిన సంగతే. అచ్చు తేలికగా అద్దితే బొమ్మ పడదు. మోతాదు మించితే రంగు గీత దాటుతుంది.

కనుక అన్యాయం జరిగితే మౌనం వద్దు. సత్యం చెప్పండి, అర్జీ ఇవ్వండి, న్యాయస్థానానికి వెళ్లండి, శాంతియుతంగా సమావేశమవ్వండి. ఫోనులో వచ్చిన ఒక అవమానకరమైన చిత్రానికి ప్రతిగా నిర్దోషి అయిన పొరుగువాని దుకాణంపై చేయెత్తకండి. ఒక జాతిపై ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పించరాదని మాయిదా సూరా 8వ ఆయతు ఆజ్ఞాపిస్తోంది.

అల్లాహ్ మనకు సత్యం పలికే ధైర్యాన్నీ, హద్దులో నిలిచే సహనాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.